మారుతి 800: బ్యాటరీలు మారుస్తూనే ఉన్నాను, బండి తోస్తూనే ఉన్నాం

ఎనిమిదొందలు (శ్రీకాకుళం)
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుకుని వెళ్ళిపోవడమే తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు, ఇవాళ తప్పలేదు. మా నాన్నగారి 2003 మోడల్ మారుతి 800, ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లు ఉన్న రకం), ఏసీ లేనిది, లక్షా పద్దెనిమిది వేలు తిరిగింది. నాన్నగారు పోయాక అమ్మ దాన్ని అమ్మనివ్వలేదు, కాబట్టి "అమ్మేయండి" అనే సలహా దయచేసి ఎవరూ ఇవ్వకండి.

గొడవ ఏమిటంటే రెండు నెలల నుంచి బ్యాటరీ నిలవడం లేదు. ముందు ఉన్నది నాలుగేళ్ళ పాతది, దాని ఆయుష్షు తీరిందనుకుని కొత్తది, 35 ఆంపియర్ అవర్‌ది, వేయించాను. తొమ్మిదో రోజు పొద్దున్న కీ తిప్పితే టక్ టక్ టక్, అంతే. షాపువాళ్ళు మారు మాట్లాడకుండా ఇంకోటి ఇచ్చారు, అదీ పది రోజులకే దిగిపోయింది. ఈసారి ఛార్జింగ్ పెట్టి చూసి "బ్యాటరీ శుభ్రంగా ఉంది సార్, మీ బండిలోనే ఎక్కడం లేదు" అన్నారు. మెకానిక్ దగ్గరికి వెళ్తే ఆయన రేస్ ఇచ్చి, మీటర్ పెట్టి, 14.1 చూపించి "డైనమో బ్రహ్మాండం, బ్యాటరీయే తేడా" అన్నాడు. ఇంకొకాయన ఇంజన్ ఆన్‌లో ఉండగానే బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, ఇంజన్ ఆగలేదు కాబట్టి డైనమో బాగుందని తేల్చాడు. మూడో ఆయన బోనెట్ కూడా ఎత్తకుండా డైనమో మార్చాల్సిందే, ఆరు వేల ఐదొందలు అన్నాడు.

మొన్న గురువారం సాయంత్రం వానలో ఆఫీసు నుంచి వచ్చి, పిల్లల్ని ట్యూషన్ దగ్గర ఎక్కించుకుని, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరికి వచ్చేసరికి హెడ్‌లైట్లు పసుపు ముద్దల్లా అయిపోయాయి, వైపర్ సగంలో ఆగింది, హారన్ కొడితే పిల్లికూన అరిచినట్టు వచ్చింది, ఇంజన్ ఠక్కున ఆగిపోయింది. వెనక బస్సు, రెండు పక్కలా ఆటోలు. పండ్ల బళ్ళ అబ్బాయిలు వచ్చి పక్కకి తోశారు.

నాకు అర్థం కానిది ఒక్కటే. డ్యాష్‌బోర్డులో బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్ర లైటు ఈ రెండు నెలల్లో ఒక్కసారి కూడా వెలగలేదు. అంటే ఛార్జింగ్ బాగున్నట్టే కదా? మరి కరెంటు ఎటు పోతోంది?

వైరాగి
ఆదివారం, రాత్రి 9:30

అమ్మేయమని అనను. ఆ ఆరున్నర వేలకి తోసే మనిషి నెలంతా దొరుకుతాడు, అది ఆలోచించండి.

బొబ్బిలి జెన్
ఆదివారం, రాత్రి 9:51

గురూ, అచ్చం నా మారుతి జెన్ కారుకీ ఇదే రోగం. శనివారం సాయంత్రం పెడితే మంగళవారానికి చచ్చిపోతుంది. నాకు ఒకాయన వైరింగ్ మొత్తం మార్చాలన్నాడు. ఈ చర్చ వదలకుండా చూస్తాను.

మీటర్ మనిషి (విజయనగరం)
ఆదివారం, రాత్రి 10:25

బొబ్బిలి, నీది వేరే రోగం, దాని సంగతి తర్వాత. నీది నిలబెడితే దిగడం, ఆయనది తిరిగితే దిగడం. రెండింటికీ మందు ఒకటి కాదు.

ఎనిమిదొందలు గారూ, మూడు వందలు పెట్టి ఒక డిజిటల్ మల్టీమీటర్ కొనండి. ఇప్పటిదాకా ఎవరో చెప్పింది వినడమే జరిగింది, ఇకపై మీరే చూస్తారు. దాన్ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, రాత్రంతా నిలిపిన బండికి పొద్దున్నే కీ ముట్టుకోకుండా బ్యాటరీ రెండు కొమ్ముల మధ్య చూడండి. నిండుగా ఉంటే 12.6 పైన, 12.2 అంటే సగం, 12 కిందకి వస్తే అడుగంటినట్టే. తర్వాత స్టార్ట్ చేసి, ఇది ముఖ్యం, యాక్సిలరేటర్ అస్సలు తొక్కకుండా స్లోలోనే మళ్ళీ చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఆ మెకానిక్ రేస్ ఇచ్చి చూశాడన్నారే, అక్కడే నాకు అనుమానం. రేస్ ఇస్తే 14 వచ్చింది సరే, ఇవ్వకముందు ఎంత ఉంది? అది ఆయనా చూసినట్టు లేదు.

ఇంకో రెండు చెప్పండి. మీరు రోజూ ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత స్పీడులో వెళ్తారు? దూరం వెళ్ళొచ్చిన మర్నాడు స్టార్టింగ్ ఎలా ఉంటుంది?

సాలూరు మాస్టారు
సోమవారం, ఉదయం 6:05

ఏటి బాబూ, ముందు ఫ్యాన్ బెల్ట్ చూశారా? బెల్ట్ మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే ఓ సెంటీమీటరు దిగాలి, అంతకన్నా వదులుంటే పుల్లీ మీద జారుతుంది. వానలో చచ్చిందంటున్నారు కాబట్టి అడుగుతున్నా, తడిస్తే కీచుమంటుందా? లోపలి వైపు అద్దంలా మెరుస్తూంటే ఎంత బిగించినా లాభం లేదు, మార్చేయాలి. అది బాగుంటే కార్బన్లు చూడాలి, అవి డైనమోలో తిరిగేదానికి రాసుకుంటూ కరెంటు అందించే ముక్కలు. లక్ష దాటిన డైనమోలో కార్బన్లు అరిగి అయిదు మిల్లీమీటర్లకి వచ్చేసి ఉంటాయి, ఒకసారి ముట్టుకుంటాయి ఒకసారి ముట్టుకోవు. రెండు కార్బన్లకి ఆరున్నర వేలు అడిగేవాడి దగ్గరికి మళ్ళీ వెళ్ళకండి.

నేను సాలూరులో ముప్ఫై ఏళ్ళు లారీల వైరింగ్ చేశాను. ఇప్పుడు కళ్ళు సరిగా ఆనడం లేదని మానేశాను గానీ చెవులు బాగానే ఉన్నాయి.

అంబాసిడర్ అబ్బాయి (విజయనగరం)
సోమవారం, ఉదయం 8:40

మాస్టారూ నమస్కారం. టెర్మినల్ తీసి చూడడం మాత్రం సరైన పరీక్షే కదండీ? మా తాతగారి అంబాసిడర్‌కి మా డ్రైవర్ బాబాయ్ ఎప్పుడూ అలాగే చూసేవాడు. ఇంజన్ ఆగకపోతే డైనమో బాగున్నట్టు.

మీటర్ మనిషి
సోమవారం, ఉదయం 9:15

దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. తాతగారి బండిలో ఉన్నది నిజంగా డైనమో, దాని కటౌట్ (కరెంటు వెనక్కి పోకుండా ఆపే స్విచ్చి) పక్కన వేరే డబ్బాలో ఉండేది, కంప్యూటర్ ఏమీ లేదు. మనం ఇప్పుడు అలవాటుకొద్దీ డైనమో అంటున్నది ఆల్టర్నేటర్. అది ఏసీ కరెంటు పుట్టించి లోపల డయోడ్లతో డీసీగా మారుస్తుంది. నడుస్తుండగా బ్యాటరీ పీకేస్తే అప్పటిదాకా బ్యాటరీ తీసుకుంటున్న కరెంటుకి పోయే చోటు ఉండదు, వోల్టేజి ఒక్క క్షణం 40 దాటి కూడా ఎగురుతుంది. డయోడ్లు కాలతాయి, ఎంపీఎఫ్ఐ బండి అయితే ఈసీఎమ్, అంటే ఇంజన్ కంప్యూటర్, కూడా పోవచ్చు.

ఎనిమిదొందలు గారి బండికి ఇప్పటికే ఆ వైద్యం జరిగింది కాబట్టి డయోడ్లు బతికున్నాయో లేదో కూడా చూడాలి. ఇంజన్ ఛార్జ్ చేస్తున్నప్పుడు, హెడ్‌లైట్లు వేసి, మీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి బ్యాటరీ దగ్గర చూడండి. అర వోల్టు దాటితే డయోడ్ పోయినట్టు అనుకోవచ్చు. మరీ చవక మీటర్లు ఏసీలో పెడితే డీసీని కూడా కలిపి చూపిస్తాయి. ఇంజన్ ఆపి ఉండగానే ఇరవై చిల్లర చూపిస్తే ఆ మీటర్‌ని ఈ పనికి నమ్మకండి.

సాలూరు మాస్టారు
సోమవారం, ఉదయం 9:48

ఆయన చెప్పింది నిజం. మేము డైనమో బళ్ళకి అలాగే చూసేవాళ్ళం. ఆల్టర్నేటర్లు కొత్తగా వచ్చినప్పుడూ అదే చేతివాటంతో ఒక లారీకి పీకాను, డయోడ్లన్నీ పోయాయి. ఓనరుకి చెప్పలేదు, నా డబ్బుతోనే వేశాను. ఇన్నాళ్ళకి ఇక్కడ చెప్తున్నాను.

వైరాగి
సోమవారం, ఉదయం 9:55

మాస్టారూ ఆ ఓనరు ఈ చర్చ చదువుతూ ఉంటే?

సాలూరు మాస్టారు
సోమవారం, ఉదయం 10:02

చదవనివ్వు బాబూ, ఆయనే నాకు అయిదు వందలు బాకీ.

ఎనిమిదొందలు
సోమవారం, రాత్రి 8:30

మీటర్ కొన్నాను. అందరికీ ఒకేసారి జవాబు రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

రోజూ ఇంటి నుంచి ఆమదాలవలస ఆఫీసుకు, మళ్ళీ ఇంటికి. వచ్చేసరికి చీకటి పడుతుంది. స్పీడు నలభై దాటను, నలభైకే టాప్ గేర్‌లో పడేయమని నాన్నగారు నేర్పారు, పెట్రోలు కలిసొస్తుందని. ఆదివారాలు అప్పుడప్పుడు టెక్కలి వెళ్తాం, అది హైవే కాబట్టి డెబ్బై. మీరు అడిగితే గుర్తొచ్చింది, టెక్కలి వెళ్ళొచ్చిన మర్నాడు ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది! ఊళ్ళో తిరిగిన వారమే చస్తుంది.

బెల్ట్ మాస్టారు చెప్పినట్టు నొక్కి చూశాను, బాగానే ఉంది, అరుపూ లేదు.

పొద్దున్న కీ ముట్టుకోకముందు 12.1. స్టార్ట్ చేశాక యాక్సిలరేటర్ తొక్కకుండా చూస్తే 11.9. అక్కడే ఉండిపోయింది, ఐదు నిమిషాలు చూశాను, మెల్లగా 11.8 అయింది. మా ఆవిడని కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా రేస్ ఇమ్మన్నాను. ఏమీ కదల్లేదు. ఇంకా ఇవ్వు అన్నాను, పక్కింటివాళ్ళు బయటికి వచ్చేంత మోత వచ్చాక ఒక్కసారిగా 14.0కి దూకింది. కాలు తీసేయమన్నాను. స్లోకి వచ్చాక కూడా 14.0 అలాగే నిలబడింది! ఇంజన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే మళ్ళీ 11.9. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. ఇదేం మాయ?

14 ఉన్నప్పుడు ఏసీలో చూస్తే 0.04. ఇంజన్ ఆపితే ఏసీలో సున్నా చూపించింది, కాబట్టి మీటర్ మంచిదే అనుకుంటా.

మీటర్ మనిషి
సోమవారం, రాత్రి 9:05

మాయ లేదు, దొరికిపోయింది, లేదా దొరకడానికి ఒక్క అడుగు దూరంలో ఉంది. డయోడ్లు బాగున్నాయి. రెగ్యులేటర్ బాగుంది, 14 దగ్గర నిలబెడుతోంది కదా. కార్బన్లు కూడా ముట్టుకుంటున్నాయి, లేకపోతే స్లోకి వచ్చాక నిలబడదు. ఆల్టర్నేటర్ పని చేయగలదు, దాన్ని నిద్ర లేపేవాడు లేడు.

మన ఊళ్ళల్లో బోరింగు పాతబడితే ఏం చేస్తాం? పైనుంచి చెంబుడు నీళ్ళు పోసి కొడితేగానీ అందుకోదు. ఒకసారి అందుకున్నాక ఇక పోయక్కర్లేదు. ఆల్టర్నేటర్ కూడా అంతే. లోపల తిరిగే రోటర్ అయస్కాంతం కావాలంటే దాని చుట్టకి మొదట కాస్త కరెంటు బయటి నుంచి రావాలి. కరెంటు పుట్టడం మొదలయ్యాక తన కరెంటుతో తనే నడుస్తుంది. ఈ తరహా ఆల్టర్నేటర్లలో ఆ చెంబుడు నీళ్ళు వచ్చేది ఎక్కడి నుంచో తెలుసా? మీరు "ఒక్కసారి కూడా వెలగలేదు" అని సంతోషిస్తున్న ఆ బ్యాటరీ లైటు గుండానే. కీ ఆన్ చేయగానే కరెంటు ఆ బల్బు గుండా ఆల్టర్నేటర్ ఎల్ టెర్మినల్‌కి, అక్కడి నుంచి రోటర్‌కి పోతుంది. అందుకే కీ ఆన్‌లో, ఇంజన్ స్టార్ట్ కాకముందు ఆ లైటు వెలగాలి. స్టార్ట్ అయ్యాక అటూ ఇటూ వోల్టేజి సమానమై ఆరిపోవాలి. అసలు వెలగకపోవడమే జబ్బు.

మరి గట్టిగా రేస్ ఇస్తే ఎందుకు లేచింది? రోటర్ ఇనుములో పాత అయస్కాంతం కాస్త మిగిలి ఉంటుంది, బాగా వేగంగా తిప్పితే ఆ కాస్తే సరిపోతుంది. మెకానిక్ దగ్గర 14.1 రావడం, హైవే ఎక్కితే బాగుండడం, నలభైలో టాప్ గేర్ వేస్తే ఎక్కకపోవడం, అన్నీ ఒక్క దెబ్బకి అర్థమవుతాయి. ఆఫీసుకి వెళ్తూ లారీని దాటడానికి గట్టిగా తొక్కిన రోజు మీ అదృష్టం.

లెక్క కూడా చూడండి. హెడ్‌లైట్లు 55 వాట్లవి రెండు, అంటే 9 ఆంపియర్లు. పెట్రోలు పంపు, ఇంజెక్టర్లు, ఇగ్నిషన్ కలిపి ఇంకో ఏడెనిమిది. వైపర్ మూడు. మొత్తం ఇరవై. సగం నిండిన 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ మీద ఇరవై లాగితే గంట కూడా రాదు. గురువారం వానలో ఏడు రోడ్ల దాకా వచ్చిందంటేనే గొప్ప.

రేపు చూసి చెప్పండి: కీ ఆన్ చేస్తే ఆయిల్ లైటూ ఇంజన్ లైటూ వెలుగుతున్నాయా? బ్యాటరీది వెలుగుతోందా?

ఎనిమిదొందలు
మంగళవారం, ఉదయం 7:20

ఆయిల్ లైటు వెలుగుతోంది. ఇంజన్ లైటు వెలుగుతోంది. బ్యాటరీది లేదు. రెండు నెలలుగా రోజూ చూస్తూ, లేదు కదా అని ధైర్యంగా ఉన్నాను.

సాలూరు మాస్టారు
మంగళవారం, ఉదయం 7:55

అయితే డైనమో వెనక కప్లర్ (వైర్లు గుచ్చే ప్లగ్గు) ఉంటుంది, దాన్ని పీకి, కీ ఆన్ చేసి, ఆ ఎల్ వైరుకి చిన్న వైరు ముక్క తగిలించి బాడీకి ముట్టించండి. లైటు వెలిగితే బల్బు, వైరు రెండూ బాగున్నాయి, తప్పు డైనమోలో ఉంది. వెలగకపోతే బల్బో, ఫ్యూజో, మధ్యలో వైరో పోయినట్టు. వైరు రంగు చూసి గుర్తుపట్టకండి, ఇరవై ఏళ్ళ బండిలో ఎవరెవరు ఏ రంగు వైరు వేశారో దేవుడికి తెలియాలి. డైనమో మీద ప్లాస్టిక్ దగ్గర ఎల్ అని అక్షరం పోసి ఉంటుంది.

ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి. పక్కనే నట్టుతో బిగించి లావు వైరు ఉంటుంది, అది నేరుగా బ్యాటరీ పాజిటివ్ నుంచి వచ్చేది, కీ ఆఫ్‌లో ఉన్నా కరెంటు ఉంటుంది. దాన్ని బాడీకి తగిలించారంటే వెల్డింగ్ షాపే. చేతికి ఉంగరం ఉంటే తీసి జేబులో పెట్టుకోండి.

బొబ్బిలి జెన్
మంగళవారం, ఉదయం 11:30

ఇంతకీ నా సంగతి?

మీటర్ మనిషి
మంగళవారం, మధ్యాహ్నం 1:10

నీకు కావలసింది ఆంపియర్లు చూడడం. బండి ఆపి, అన్నీ ఆఫ్ చేసి, డోర్లు మూసి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, ఆ వైరుకీ బ్యాటరీ కొమ్ముకీ మధ్య మీటర్‌ని 10 ఆంపియర్ల పాయింటులో పెట్టు. ఆ స్థితిలో పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకు, మీటర్ ఫ్యూజు పోతుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే మామూలే. ఎక్కువుంటే ఒక్కో ఫ్యూజు పీకుతూ వెళ్ళు, ఏది పీకినప్పుడు పడిపోతుందో దొంగ ఆ లైనులో ఉన్నాడు.

ఎనిమిదొందలు
మంగళవారం, రాత్రి 9:20

ఎల్ వైరుని బాడీకి ముట్టించాను. వెలగలేదు. కీ ఆన్‌లో ఆ వైరు దగ్గర వోల్టేజి సున్నా. ఫ్యూజులు అన్నీ తీసి చూశాను, బాగున్నాయి, ఎలాగూ పక్క లైట్లు వెలుగుతున్నాయి కదా. డ్యాష్‌బోర్డు మీటర్ విప్పడం అంటే భయంగా ఉంది, ప్లాస్టిక్ అంతా పెళుసైపోయింది. ఇంతకుముందు ఎల్ఈడీలు వేసినప్పుడే ఒక క్లిప్పు విరిగింది.

మీటర్ మనిషి
మంగళవారం, రాత్రి 9:24

ఆగండి. ఏ ఎల్ఈడీలు?

ఎనిమిదొందలు
మంగళవారం, రాత్రి 9:31

డ్యాష్‌బోర్డులో లైట్లు మసకగా ఉన్నాయని యాక్సెసరీస్ షాపులో మీటర్ బల్బులన్నీ తీసేసి నీలం రంగు ఎల్ఈడీలు వేయించాను. చాలా బాగుంది రాత్రిపూట. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

మీటర్ మనిషి
మంగళవారం, రాత్రి 9:33

ఎప్పుడు వేయించారు?

ఎనిమిదొందలు
మంగళవారం, రాత్రి 9:40

రెండు నెలలు... అయింది.

వైరాగి
మంగళవారం, రాత్రి 9:41

హరి హరీ!

సాలూరు మాస్టారు
మంగళవారం, రాత్రి 9:58

ఈ ముక్క మొదటి రోజే చెప్పి ఉంటే నేను కార్బన్ల గురించి అంత రాసేవాడిని కాదు బాబూ.

మీటర్ మనిషి
మంగళవారం, రాత్రి 10:20

ఎల్ఈడీ ఒక వైపే కరెంటు పోనిస్తుంది. మామూలు బల్బుకి ముందూ వెనకా లేదు, ఎల్ఈడీకి ఉంది. షాపు అబ్బాయి మిగతావి వెలుగుతున్నాయో లేదో చూసుకుని తిప్పి పెట్టి ఉంటాడు, బ్యాటరీ లైటు బండి నడిచేటప్పుడు వెలగకూడదు కాబట్టి అది తిరగబడి కూర్చున్నా అతనికి తెలియలేదు. దానివల్ల ఆ దారి పూర్తిగా మూసుకుపోయింది.

సరే కదా అని దాన్ని తిప్పి పెడితే వెలుగుతుంది గానీ అప్పుడూ చాలదు. అక్కడ ఉండాల్సిన బల్బు 1.4 వాట్లదైతే 0.12 ఆంపియర్లు పోతుంది, 3 వాట్లదైతే 0.25. చిన్న ఎల్ఈడీ గుండా పోయేది ఇరవై మిల్లీ ఆంపియర్లు, అంటే 0.02. చెంబుడు నీళ్ళు పోయాల్సిన చోట ఉద్ధరిణెతో పోసినట్టు. ఎల్ఈడీయే కావాలంటే దానికి పక్కగా 100 ఓమ్‌ల రెసిస్టర్, ఒకటిన్నర వాట్లు కాలుతుంది కాబట్టి 3 వాట్లదైనా, కలపాలి.

సాలూరు మాస్టారు
మంగళవారం, రాత్రి 10:31

రెసిస్టర్లూ వద్దు ఏమీ వద్దు. పదిహేను రూపాయల బల్బు వేయండి. మిగతావి నీలంగా ఉంచుకుంటే ఉంచుకోండి, ఆ ఒక్కటీ పాతదే ఉండాలి.

కళింగపట్నం గాలి
బుధవారం, ఉదయం 6:40

ఆలస్యంగా చూశాను. బల్బు వేశాక అయిపోయిందనుకోకండి, ఎర్త్ వైరు, అంటే బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి పోయేది, అది కూడా చూడండి. సముద్రం పక్కన తిరిగిన బండి ఏదైనా నేను మొదట చూసేది అదే. పైకి నల్లగా నిగనిగలాడుతుంది, లోపల పచ్చగా పొడి అయిపోయి ఉంటుంది. మీ బండి ఎప్పుడైనా తీరంలో ఉందా?

ఎనిమిదొందలు
బుధవారం, రాత్రి 8:15

బల్బు వేశాను! కీ ఆన్ చేయగానే ఎర్రగా వెలిగింది, స్టార్ట్ అవగానే ఆరింది, రేస్ లేకుండా 14.1. మా పెద్దాడు చప్పట్లు కొట్టాడు.

కళింగపట్నం గారూ, మీరు ఎలా కనిపెట్టారో గానీ, ఈ బండి ఆరేళ్ళు బారువలో ఉంది. అమ్మావాళ్ళు అక్కడ ఉండేవారు, పెంకుటింటి పక్కన తాటాకు పాక కింద పెట్టేవారు. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పాక ఎగిరిపోయి కొబ్బరి కమ్మలన్నీ దీని మీదే పడ్డాయి.

మీరన్నారు కదా అని హెడ్‌లైట్లు, వైపర్, బ్లోయర్ అన్నీ వేసి చూస్తే బ్యాటరీ దగ్గర 14.1 కాస్తా 13.2 అయింది. ఇది మామూలేనా?

మీటర్ మనిషి
బుధవారం, రాత్రి 8:50

మామూలు కాదు. అన్నీ వేసి, కాస్త రేస్‌లో ఉంచి నాలుగు చోట్ల చూడండి. ఆల్టర్నేటర్ లావు వైరు నట్టుకీ దాని ఒంటికీ మధ్య ఎంత? బ్యాటరీ రెండు కొమ్ముల మధ్య ఎంత? తర్వాత ఆ నట్టుకీ బ్యాటరీ పాజిటివ్‌కీ మధ్య, చివరికి ఆల్టర్నేటర్ ఒంటికీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య. ఆఖరి రెండూ 0.2 లోపు ఉండాలి. ఏది ఎక్కువుంటే కరెంటు ఆ దారిలో ఇరుక్కుంటోంది. వైర్లు బెల్ట్ దగ్గరికి పోకుండా చూసుకోండి, లుంగీతో చేయకండి.

ఎనిమిదొందలు
గురువారం, ఉదయం 7:30

ప్యాంటు వేసుకునే చేశాను. ఆల్టర్నేటర్ దగ్గర 14.2. బ్యాటరీ దగ్గర 13.2. నట్టు నుంచి పాజిటివ్‌కి 0.15. ఒంటి నుంచి నెగటివ్‌కి 0.85.

కళింగపట్నం గాలి
గురువారం, ఉదయం 7:42

నేను చెప్పలేదా! నెగటివ్ నుంచి బాడీకీ గేర్‌బాక్స్‌కీ పోయే వైర్లు విప్పండి. బిగించే చోట పెయింటూ తుప్పూ పోయేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, బిగించాక పైన వాజిలిన్ పూయండి.

సాలూరు మాస్టారు
గురువారం, ఉదయం 8:20

ఎర్త్ సరిగ్గా లేని బండికి సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ కరెంటు దొరికిన దారిలో పోతుంది, క్లచ్ కేబుల్ గుండా, యాక్సిలరేటర్ కేబుల్ గుండా కూడా. ఒకసారి ఒక జీపుకి యాక్సిలరేటర్ కేబుల్ వేడెక్కి కరుచుకుపోయింది, నేను చూశాను. మీ కేబుల్ ఈమధ్య బిగుసుగా ఉందా?

ఎనిమిదొందలు
ఆదివారం, సాయంత్రం 5:10

ఆదివారం దాకా తీరిక దొరకలేదు. గేర్‌బాక్స్ వైపు వైరు విప్పబోతే చేతిలోకే వచ్చేసింది. లగ్గు (వైరు చివర బిగించే రింగు) దగ్గర తీగలన్నీ పచ్చగా పొడి అయిపోయి, లెక్కపెట్టి చెప్పొచ్చు, నాలుగే మిగిలాయి. లావు రాగి వైరు కొని, రెండు చివరలా లగ్గులు నొక్కించి, కళింగపట్నం గారు చెప్పినట్టు రుద్ది బిగించాను. ఇప్పుడు ఒంటి నుంచి నెగటివ్‌కి 0.06. అన్నీ వేసినా బ్యాటరీ దగ్గర 13.9. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ దగ్గర 10.4 కన్నా తగ్గలేదు. సెల్ఫ్ చప్పుడే మారిపోయింది, నాన్నగారు ఉన్నప్పటి చప్పుడు.

మాస్టారూ, క్లచ్ గట్టిగా ఉందని ఆర్నెల్ల క్రితం కేబుల్ మార్పించాను. మీరు చెప్పాక ఆ పాత కేబుల్ గురించి ఆలోచిస్తున్నాను.

ఖర్చు: మీటర్ 320, బల్బు 15, వైరూ లగ్గులూ 240.

మీటర్ మనిషి
ఆదివారం, సాయంత్రం 6:00

శుభం. బ్యాటరీని మాత్రం ఒకసారి బయట తీసి, మూడు నాలుగు ఆంపియర్ల మీద రాత్రంతా నెమ్మదిగా ఛార్జ్ చేయించండి. రెండు మూడుసార్లు అడుగంటింది కదా, ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడకముందే నిండుగా నింపాలి. అడుగంటిన బ్యాటరీని నింపే పని ఆల్టర్నేటర్‌కి పెడితే అది వేడెక్కిపోతుంది.

బొబ్బిలి జెన్
ఆదివారం, రాత్రి 7:25

నా దొంగ దొరికాడు. 0.4 ఆంపియర్లు చూపించింది, రేడియో ఫ్యూజు పీకగానే 0.02కి పడిపోయింది. స్టీరియో ఆఫ్ చేసినా దాని ఆంప్లిఫయర్ ఆగడం లేదు. రోజుకి దగ్గర దగ్గర పది ఆంపియర్ అవర్లు తాగేస్తోంది, మూడు రోజులకి బ్యాటరీ సరి. ప్రస్తుతానికి ఫ్యూజు పీకి జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. ఎనిమిదొందలు గారూ, ఆ నీలం ఎల్ఈడీలు ఏ షాపులో వేయించారు?

సాలూరు మాస్టారు
ఆదివారం, రాత్రి 7:31

చెప్పకండి బాబూ.